వైరస్ వేషంలో రాయిస్ పెటింగిల్

మార్చి మొదటి మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి నేను లోయర్ బాస్కం టౌన్ హాలు మెట్ల మీద బూట్లకు అంటుకున్న మంచు దులుపుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనాల లోపు ఈ ఊరు తన వార్షిక సభలో ఒక పిల్లి మీద ఓటేస్తుంది. ఉండాలంటే ఉంటుంది. పోవాలంటే, దానికి ఆఖరి సూది వేయాల్సింది నేనే.

నా పేరు హెస్టర్ లాడ్. పశువుల డాక్టర్ని. పిల్లి పేరు డీకన్. పదకొండు పౌన్ల నారింజ రంగు గండుపిల్లి. చెవి చిరిగింది, మొహం చర్చిలో చందా అడిగేవాడి మొహంలా ఉంటుంది. ఆరేళ్లుగా టౌన్ హాలు కింది అంతస్తులో ఉన్న లైబ్రరీయే దాని ఇల్లు. లైబ్రేరియన్ ప్రూ హాథార్న్ దానికి అన్నం పెడుతుంది, అది ఆమెకు ఎలుకల తలలు పెడుతుంది. ఇద్దరికీ బాగానే కుదిరింది.

జనవరిలో డీకన్‌కి చిగుళ్లు వాచాయి. రక్తం తీసి పరీక్ష చేశాను. అనుమానం వచ్చి పెద్ద ల్యాబుకి పంపాను. రెండుసార్లూ అదే జవాబు. పిల్లుల్లో రోగనిరోధక శక్తిని మెల్లగా తినేసే వైరస్ అది. వెంటనే చచ్చిపోయేదేమీ లేదు, జాగ్రత్తగా చూసుకుంటే ఇంకా ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆ మాటే ప్రూకి చెప్పాను. ప్రూ ఒక్కరికి చెప్పింది. దురదృష్టవశాత్తూ ఆ ఒక్కరూ కిరాణా కొట్టు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా దానికి ‘పిల్లి ఎయిడ్స్’ అని పేరు పెట్టేసింది.

పిల్లిని లైబ్రరీ నుంచి పంపించాలని అర్జీ పెట్టినవాడు రాయిస్ పెటింగిల్. ఊరి రోడ్లన్నీ అతని చేతిలో ఉంటాయి. ఆరడుగుల మూడంగుళాల మనిషి. చలికాలమంతా మంచు తోసే బండి మీదే కాపురం. నలభై సంతకాలు కావాలి. రెండు రోజుల్లో తెచ్చాడు. బండిని జనం వాకిళ్లకు అడ్డంగా ఆపి, సంతకం పెట్టేదాకా కదల్లేదని కొందరంటారు. “పెన్ను గడ్డకట్టింది, అందుకే ఆలస్యమైంది” అంటాడు రాయిస్.

డీకన్‌కి వేరే చోటు లేదు. కౌంటీ షెల్టర్ పాజిటివ్ పిల్లిని తీసుకోదు. ప్రూ ఉండేది వాళ్ల అక్క ఇంట్లో, అక్కకు మూడు పిల్లులు. మా ఇంట్లో ఐదు. సాటి పిల్లి కనబడితే డీకన్‌కి తెలిసిన మాట ఒక్కటే, అది పళ్లతో చెప్పే మాట. ఆ వైరస్ ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి పాకేది కూడా ఆ పళ్ల దారిలోనే.

కాబట్టి ఈ మంగళవారం నేను హాల్లో ఉన్నాను. కానీ ఎక్కడ? వెనక గోడకు ఆనించిన బెంచీ మీద. అది పరాయి ఊరివాళ్ల బెంచీ. మా ఇల్లు వాగుకు అవతల ఉంది, అంటే అప్పర్ బాస్కంలో. వాగు వెడల్పు పన్నెండు అడుగులు. ఈ ఊరి ఆవులకూ కుక్కలకూ పురుడు పోయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అయినా వార్షిక సభలో నాకు ఓటు లేదు. మాట్లాడాలంటే సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

ఏడో అంశం నడుస్తోంది. పడమటి వంతెనకు ఏ రంగు వేయాలని. గంటా పది నిమిషాలుగా పచ్చరంగుకూ, ఇంకొంచెం ముదురు పచ్చరంగుకూ మధ్య యుద్ధం. ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు, స్వెటర్లు అల్లుకుంటున్నారు. వంటింట్లోంచి ఉడికే చిక్కుళ్ల వాసన, మేపుల్ పాకం పోసిన పంది మాంసం వాసన. చివరికి ముదురు పచ్చ గెలిచింది.

అధ్యక్షుడు వెండెల్ కూంబ్స్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు. వెండెల్‌కు సభా నియమాలు కంఠతా వచ్చు. ఇంట్లో కూడా భార్య ఉప్పందించమంటే ‘బలపరిచేవారెవరు?’ అంటాడని వినికిడి.

“ఎనిమిదో అంశం. లైబ్రరీలో ఉంటున్న డీకన్ అనే పిల్లిని పంపించివేయాలా? రాయిస్, నీ వంతు.”

రాయిస్ లేచాడు. టోపీ తీశాడు. అతను టోపీ తీశాడంటే విషయం నిజంగా సీరియస్.

“నాకు పిల్లుల మీద పగేం లేదు. డీకన్ మంచోడే. కానీ మా మనవరాలికి ఐదేళ్లు. శనివారం కథలు చెప్పేటప్పుడు దాని పొట్ట మీద తల పెట్టుకుని పడుకుంటుంది. దాని పొట్టలో ఏదో పురుగుంది. అది మా పిల్లకి అంటితే? నాకు తెలిసింది అంతే. కూర్చుంటున్నా.”

హాల్లో సగం తలలు ఊగాయి. అబద్ధం చెప్పేవాణ్ని ఓడించడం తేలిక. నిజంగా భయపడేవాణ్ని ఓడించడం కష్టం.

ప్రూ చెయ్యెత్తింది. “డాక్టర్ లాడ్‌ని మాట్లాడనివ్వాలని ప్రతిపాదిస్తున్నా.”

“బలపరుస్తున్నా,” అంది రాయిస్ చెల్లెలు డాట్.

“డాట్!” అన్నాడు రాయిస్.

“నోర్ముయ్. డాక్ మా ఆవుని బతికించింది.”

“ఆమె అప్పర్ బాస్కం మనిషి!”

“అందుకే అడుగుతున్నాం. మన ఊళ్లో తెలిసినవాడెవడున్నాడు?” అంది డాట్.

ఒప్పుకునేవాళ్లను లేచి నిలబడమన్నాడు వెండెల్. వేలితో గాల్లో పొడుస్తూ ఒక్కొక్కర్ని లెక్కపెట్టాడు.

“సభలో నూట పదిమంది. డెబ్బయ్ నాలుగు కావాలి. వచ్చినవి డెబ్బయ్ మూడు. ప్రతిపాదన...”

సుత్తి పైకి లేచింది. ఒక్క ఓటు. ఒక్క ఓటు తక్కువై ఒక పిల్లి చచ్చిపోబోతోంది.

“నన్నెవరు లెక్కపెట్టారు?”

వంటింటి గుమ్మంలో లూసీల్ గాన్యాన్. ఎనభై నాలుగేళ్లు, నాలుగడుగుల పదకొండంగుళాలు, చేతిలో చిక్కుళ్లు కలిపే చెక్క గరిటె. ముప్పై ఏళ్లుగా సభ రోజు భోజనం ఆమెదే. వంటింట్లోకి ఎవరు రావాలో ఎవరు రాకూడదో ఆమె నిర్ణయిస్తుంది. రాయిస్‌కి మాత్రం నాలుగేళ్లుగా ప్రవేశం లేదు. మంచు బండితో ఆమె ఇంటి ముందున్న పోస్టు డబ్బాని పడగొట్టి, గాలికి పడిందన్నాడు. అప్పటినుంచి ఆమె అతనితో మాట్లాడదు. చెయ్యి కలపదు. పళ్లెం నింపేటప్పుడు కూడా అతని వంతు వస్తే గరిటె పక్కవాళ్లకిచ్చి కిటికీలోంచి చూస్తుంది.

“లూసీల్, నువ్వు వంటింట్లో ఉన్నావ్,” అన్నాడు వెండెల్.

“వంటిల్లు టౌన్ హాల్లో లేదా? చంద్రుడి మీద ఉందా?”

వెండెల్ నియమాల పుస్తకం తిరగేశాడు. పెదాలు కదిలాయి. “నూట పదకొండు. కావాల్సింది డెబ్బయ్ నాలుగు. వచ్చినవి డెబ్బయ్ నాలుగు. డాక్, ఐదు నిమిషాలు.”

నేను ముందుకు నడిచాను. నూట పదకొండు మంది. నలభై అల్లిక సూదులు. ఐదు నిమిషాలు.

“వైరస్ అంటే పురుగు కాదు,” అన్నాను. “దానికి కాళ్లు లేవు, నోరు లేదు, సొంతంగా ఏమీ చేయలేదు. అది కేవలం ఒక వంట చీటీ. చుట్టూ ఒక కోటు. అంతే. ఆ చీటీని వండిపెట్టడానికి దానికి ఎవరిదో వంటిల్లు కావాలి. ఆ వంటిల్లే కణం. ఈ వైరస్‌కి పిల్లి రక్తంలో కాపలా కాసే కణాలంటే ఇష్టం. కాపలావాళ్లు పోతే ఇల్లు గుల్ల అవుతుంది కదా, అందుకే చిన్న చిన్న జబ్బులు కూడా పిల్లిని పట్టుకుంటాయి.”

“మరి లోపలికెలా పోతుంది?” అడిగింది డాట్.

“కణం గోడకు రెండు గొళ్లాలుంటాయి. మొదటి గొళ్లెం పేరు సీడీ నూట ముప్పై నాలుగు.”

“ఆ నంబరు రోడ్డు మన ఊళ్లోంచి పోదు,” అన్నాడు రాయిస్. అందరూ నవ్వారు. చెడ్డ సూచన. ఓడబోయేవాళ్ల సభలో ఎప్పుడూ అవతలివాడి జోకులే పేలతాయి.

“వైరస్ ముందు ఆ మొదటి గొళ్లాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే దాని ఒళ్లు మెలి తిరుగుతుంది. అలా తిరిగినప్పుడే, అప్పటిదాకా దాచుకున్న రెండో చెయ్యి బయటికొస్తుంది. ఆ చేత్తో రెండో గొళ్లెం తీస్తుంది. రెండూ తీస్తేనే లోపలికి. మనిషి కణానికున్న మొదటి గొళ్లెం దాని చేతికి పట్టదు. అందుకే అది మనకు అంటదు.”

“మరి రెండో గొళ్లెం?” అన్నాడు రాయిస్.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. తెలివైనవాళ్లెవరైనా మూసుకునేవాళ్లు. కానీ ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో పశువుల గురించి నేను చెప్పిన మాట నమ్ముతున్నారంటే, అబద్ధం చెప్పలేదనే.

“రెండో గొళ్లెం... మనదీ పిల్లిదీ దాదాపు ఒకటే,” అన్నాను.

అల్లిక సూదులు ఆగిపోయాయి.

“విన్నారా!” రాయిస్ గొంతు కిటికీలు అదరగొట్టింది. “సగం తలుపు తెరిచే ఉందట! డాక్టరే ఒప్పుకుంది!”

“తెరిచి లేదు! ముందు గొళ్లెం తీయకుండా...”

“సగం తలుపు!”

“మా గొడ్ల చావిడికి సగం తలుపే ఉంది. దాంట్లోంచే నక్క దూరింది,” అన్నారు ఎవరో వెనకనుంచి.

అయిపోయింది. మొహాలు బిగుసుకుపోవడం కళ్లారా చూశాను. ప్రూ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నా దగ్గర ఇంకా మూడు నిమిషాలున్నాయి.

“నాకు సగమే అర్థమైంది,” అంది డాట్. “గొళ్లెం అంటావు, చెయ్యి అంటావు. చేసి చూపించరాదూ?”

“చూపించు!” రాయిస్ ఎగిరి నిలబడ్డాడు. “నేనే వైరస్‌ని. వస్తున్నా. ఆపు చూద్దాం!”

“రాయిస్ పెటింగిల్ వైరస్‌గా ఉండాలని ప్రతిపాదన వచ్చినట్టు భావించనా?” అన్నాడు వెండెల్.

“ప్రతిపాదిస్తున్నా.”

“బలపరుస్తున్నా. ఎప్పటినుంచో అనుకుంటున్నదే,” అన్నారు ఇంకెవరో.

“అవునన్నవాళ్లు?”

హాలు దద్దరిల్లింది. లోయర్ బాస్కం చరిత్రలో ఒక ప్రతిపాదన ఒక్క ‘కాదు’ కూడా లేకుండా నెగ్గడం అదే మొదటిసారట. డాక్ మాట్లాడే సమయాన్ని ప్రదర్శన ముగిసేదాకా పొడిగించాలని ఇంకో ప్రతిపాదన, అదీ నెగ్గింది. వెండెల్ రెండూ రాసుకున్నాడు.

వంటింటి గుమ్మాన్ని కణం ద్వారంగా ఎంచుకున్నాను. రాయిస్ ఎడమ చెయ్యిని అతని ఉన్ని జాకెట్ లోపల పెట్టి బొత్తాలు బిగించాను.

“ఇదే దాచుకున్న రెండో చెయ్యి. మొదటి గొళ్లెం గుంజితే తప్ప బయటికి రాకూడదు. సరేనా?”

“సరే. వైరస్ మాట.”

“ముందు పిల్లి కణం. డాట్, నువ్వు మొదటి గొళ్లెం. ప్రూ, నువ్వు రెండోది. డాట్‌కి వైరస్ చెయ్యి పడుతుంది. కానివ్వు రాయిస్.”

రాయిస్ గుమ్మం దగ్గరికొచ్చాడు. కుడి చెయ్యి చాచాడు. డాట్ ఆ చెయ్యి పట్టుకుని, చిన్నప్పటి బాకీలన్నీ తీర్చుకుంటున్నట్టు, ఒక్క గుంజు గుంజింది. రాయిస్ బొంగరంలా తిరిగాడు. బొత్తాం ఊడి అల్లికల మధ్యకు ఎగిరింది. ఎడమ చెయ్యి బయటికొచ్చి ప్రూ చెయ్యి పట్టుకుంది. మరుక్షణం రాయిస్ వంటింట్లో ఉన్నాడు. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి.

“ఆపిల్ పై కూడా చేసిందే!” అని లోపల్నించి వినిపించింది.

“ముట్టుకున్నావంటే చంపుతా!” అని లూసీల్ గాలికి చెప్పినట్టు చెప్పింది.

“ఇప్పుడు చూడండి,” అన్నాను. “వైరస్ లోపలికెళ్లింది. కోటు విప్పేసింది. దాని చీటీ వేరే భాషలో ఉంది. కానీ దాని జేబులో సొంత గుమాస్తా ఉన్నాడు. వాడు ఆ చీటీని వెనక్కి తిరగేసి, వంటింటి భాషలోకి ఎత్తి రాస్తాడు. రాసి, లూసీల్ వంట పుస్తకం మధ్యలో ఆ కాగితం కుట్టేస్తాడు. తెల్లారి లూసీల్ పుస్తకం తెరుస్తుంది. అది తన చేతిరాతే అనుకుంటుంది. వండటం మొదలుపెడుతుంది. ఏం వండుతుంది?”

వంటింటి వైపు వేలు చూపించాను.

“రాయిస్‌లని. ఓవెన్ నిండా రాయిస్‌లు. ఒక్కొక్కడూ బయటికొచ్చి ఇంకో వంటిల్లు వెతుక్కుంటాడు.”

నూట పదిమంది ఒకేసారి వణికారు. ముందు వరుసలో ఒకాయన రాయిస్ భార్యను చూసి తల ఊపి ఓదార్చాడు.

“నన్నిలా ఎవరూ పొగడలేదు,” అంటూ రాయిస్ బయటికొచ్చాడు. మూతికి ఏదో అంటుకుని ఉంది. “ఇప్పుడు మనిషి కణం కానీ. చూద్దాం నీ గొళ్లెం.”

జాకెట్ మళ్లీ బిగించాను. ఈసారి పిన్నీసు పెట్టాను.

“రెండో గొళ్లెం అక్కడే ఉంటుంది. ప్రూ, కదలకు. నేను చెప్పినట్టే, మనదీ పిల్లిదీ ఒకటే. మారేది మొదటి గొళ్లెం.” హాలంతా ఒకసారి చూశాను. “లూసీల్, ఒక్కసారి ఇలా వచ్చి నిలబడతారా?”

హాల్లో గుసగుస పొలం మీద గాలిలా పాకింది. రాయిస్ మొహంలో రంగు మారింది.

“ఇది అన్యాయం!”

“మనిషి కణం, మనిషిని పెట్టా. వెండెల్?”

“నియమాల్లో అభ్యంతరం లేదు,” అన్నాడు వెండెల్.

లూసీల్ గరిటె చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. రాయిస్ భుజం దాకా కూడా రాదు. రాయిస్ గొంతు సవరించుకుని చెయ్యి చాచాడు. లూసీల్ కిటికీలోంచి బయటికి చూసింది.

రాయిస్ కుడివైపు జరిగి చెయ్యి చాచాడు. లూసీల్ ఎడమ కిటికీలోంచి చూసింది. ప్రూ వైపు దూకబోయాడు. రెండో చెయ్యి జాకెట్లో ఇరుక్కుని ఉంది. ముక్కుతో పట్టుకోవచ్చా అని అడిగాడు. కుదరదన్నాను.

“లూసీల్, ఈ రోజు చిక్కుళ్ల వాసన అద్భుతంగా ఉంది,” అన్నాడు.

“ఎవరో ఏదో అన్నట్టుందే? గాలేమో,” అంది లూసీల్.

హాలు పగలబడి నవ్వింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

రాయిస్ పెటింగిల్ అరవై ఒక్క ఏళ్లలో ఏ పందెమూ వదిలిపెట్టలేదు. మోకాలి మీద కూర్చున్నాడు. అప్పుడు లూసీల్ కళ్లూ అతని కళ్లూ ఒకే ఎత్తుకు వచ్చాయి.

“లూసీల్. గాలి కాదు. నేనే పడగొట్టా. కాఫీ తాగుతూ బండి తిప్పా. చూశా. దిగి లేపుదామనుకున్నా. సిగ్గేసి వెళ్లిపోయా. నాలుగేళ్లుగా ఆ ఇంటి ముందు బండి నెమ్మదిగా పోనిస్తున్నా. తప్పయింది. క్షమించు.”

వెండెల్ సుత్తి గాల్లో ఆగిపోయింది. అల్లికలన్నీ ఒళ్లోకి దిగాయి. రాయిస్ భార్య నోరు తెరిచి చూస్తోంది. ఆ మాట అతని నోట ఆమె కూడా ఎప్పుడూ వినలేదని తర్వాత చెప్పింది.

లూసీల్ కిటికీ వైపు నుంచి మొహం తిప్పింది. నాలుగేళ్లలో మొదటిసారి అతన్ని చూసింది. ఆమె కళ్లు తడిశాయి. గరిటె ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడి చెయ్యి ఏప్రాన్‌కి తుడుచుకుంది.

చెయ్యి లేస్తోంది.

పిల్లి కోసం ఈమెని గొళ్లెంగా పెట్టింది నేను. ఇప్పుడామె చెయ్యి కలిపితే, నూట పదిమంది కళ్ల ముందు వైరస్ మనిషిలోకి దూరుతుంది. ఆ తర్వాత ఏ శాస్త్రం చెప్పినా ఎవరు వింటారు?

“వద్దు లూసీల్!” అరిచింది డాట్.

“చెయ్యివ్వకు!”

“పిల్లిని చంపేస్తావా?”

“అయ్యో, నాలుగేళ్లకి రాజీ పడుతుంటే పాడుచేస్తారేం!”

“రాజీ భోజనాలయ్యాక పడమను!”

సుత్తి మోగింది. “ఆర్డర్! వైరస్ క్షమాపణ చెప్పొచ్చా? డాక్, దీని మీద నీ అభిప్రాయం కావాలి.”

“వైరస్‌లు మారతాయి,” అన్నాను. నాలుక కొరుక్కోవాలనిపించింది, కానీ నిజం నిజమే. “రాసుకునేటప్పుడు తప్పులు చేస్తాయి, రూపం మార్చుకుంటాయి. కానీ ఈ వైరస్ మనకు తెలిసి నలభై ఏళ్లయింది. నాలాంటివాళ్లని వారానికొక పిల్లి కరుస్తుంది. ఒక్క మనిషికి కూడా అంటలేదు. ఒక్కరికీ.”

“మారడానికి నాకు నాలుగేళ్లే పట్టింది,” అన్నాడు రాయిస్ మోకాలి మీదినుంచే, ఇంకా చెయ్యి చాచి.

అందరూ లూసీల్‌నే చూస్తున్నారు. ఆమె చెయ్యి అతని చేతికి జానెడు దూరంలో ఆగింది.

“ఒరేయ్ రాయిస్.”

“చెప్పు లూసీల్.”

“నీ క్షమాపణ బాగుంది. ఏడిపించావు. కానీ నా ఉత్తరాలు ఇప్పటికీ పాలడబ్బాలో పడుతున్నాయి. క్షమాపణకి తాళ్లు కట్టి నిలబెడితే అందులో ఉత్తరాలేస్తారా? పోస్టు డబ్బా మళ్లీ పాతు. అప్పుడు చెయ్యిస్తా.”

“ఇవాళే పాతుతా! ఇప్పుడే!” రాయిస్ లేవబోయి ఆగిపోయాడు. మొహం వాలిపోయింది. ఈ ఊరి నేల గురించి అతనికంటే బాగా ఎవరికి తెలుసు? “లూసీల్... నేల నాలుగడుగుల లోతు గడ్డకట్టి ఉంది. ఏప్రిల్ దాకా గడ్డపార దిగదు.”

“అయితే ఏప్రిల్‌లో రా,” అంది లూసీల్. చెయ్యి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. “చిక్కుళ్లు అడుగంటుతున్నాయి” అని లోపలికి వెళ్లిపోయింది.

హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ప్రూ కుర్చీలో కూలబడింది. నేను గోడకు ఆనుకున్నాను.

కానీ ఓటింగ్ ఇంకా కాలేదు. నవ్విన ఊరు నవ్వుతూనే పిల్లిని పంపేయగలదు. ఈ హాల్లో అంతకంటే వింత తీర్పులు చూశాను. రాయిస్ నెమ్మదిగా లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. టోపీ చేతిలోకి తీసుకున్నాడు. అర్జీ అతనిది. అతను ఏమంటే నలభై సంతకాలూ అదే అంటాయి.

“డాక్, ఒక్క ప్రశ్న. జోకుల్లేవు.”

“అడుగు.”

“అసలైన గొళ్లెం. మా మనవరాలి ఒంట్లో ఉన్నది. అది లూసీల్ అంత గట్టిదా?”

“లూసీల్ కంటే గట్టిది. లూసీల్ ఏప్రిల్‌లో తెరుస్తుంది. అది తెరవదు.”

“పిల్లి కరిస్తే?”

“కరిస్తే కడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. పిల్లి పన్ను మురికిది, చీము పడుతుంది. కానీ ఈ వైరస్ కోసం మాత్రం కాదు.”

రాయిస్ టోపీ అంచు సవరించాడు.

“ఈ ఊళ్లో నా బండి వెళ్లలేని వాకిలి లేదు,” అన్నాడు. “మూడడుగుల మంచులో కూడా వెళ్లా. ఇవాళ ఆ గుమ్మంలోంచి వెళ్లడానికి నాకు తెలిసినవన్నీ చేశా. బలం పెట్టా. పొగిడా. మోకాళ్లు వంచా. నలభై ఏళ్ల పెళ్లిలో చెప్పని మాట చెప్పా. నేను లోపలికి పోలేకపోయానంటే, కాళ్లూ నోరూ లేని వంట చీటీ ఎలా పోతుంది? కాదనే ఓటేస్తున్నా. ఉండనీ వాణ్ని.”

ఇంతసేపూ నేను చెప్పిన శాస్త్రం అతన్ని కదిలించలేదు. తాను ఓడిపోవడమే కదిలించింది. ఆ లెక్క నాకు నచ్చలేదు గానీ, వాదించలేదు.

“పిల్లి బయటికి పోకుండా తలుపు వేసి ఉంచాలని, ఇంకే పిల్లినీ కరవకుండా చూడాలని సవరణ పెట్టొచ్చా?” అని ప్రూ చేత అడిగించాను. పెట్టింది. బలపరిచారు. సవరణ నెగ్గింది.

“ఎనిమిదో అంశం,” అన్నాడు వెండెల్. “పంపాలన్నవాళ్లు అవుననండి.”

మూలనుంచి తొమ్మిదో పదో గొంతులు.

“కాదన్నవాళ్లు?”

ఆ ‘కాదు’కి కిటికీ మీది మంచు జారి కింద పడింది. అందులో రాయిస్ గొంతు విడిగా వినిపించింది. వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు వినిపించాయి.

“గరిటె చప్పుడు ఓటు కాదు,” అన్నాడు వెండెల్.

“కాదు!” అని అరిచింది లూసీల్.

“ఇప్పుడు ఓటు. కాదన్నవాళ్లు గెలిచారు. పిల్లి ఉంటుంది. తొమ్మిదో అంశం, టౌన్ హాలు కప్పు కారడం...”

ప్రూ ఆగలేదు. కుర్చీల మధ్యనుంచి పరిగెత్తింది. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత కింద లైబ్రరీ తలుపు తెరుచుకున్న చప్పుడు. ఒక నిమిషం ఏమీ లేదు. కప్పు కారడం గురించి ఎవరో మొదలుపెట్టారు, కానీ ఎవరూ వినడం లేదు. అందరి మెడలూ మెట్ల వైపే తిరిగాయి.

ప్రూ తిరిగొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. స్వెటర్ నిండా నారింజ వెంట్రుకలు.

“చెప్పావా?” అడిగాడు రాయిస్.

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“కళ్లు కూడా తెరవలేదు,” అంది ప్రూ.